ముందు ఓటరు, తర్వాత పౌరుడు

మా నాయనమ్మది నల్లగొండ జిల్లా. ఊళ్ళో ఆమెని పిలిచే పేరు ఒకటి, ఓటరు కార్డులో పేరు ఇంకొకటి, ఆధార్‌లో ఆ రెంటికీ మధ్యలో ఏదో. ఊళ్ళో ఎవరికీ ఇది సమస్య కాదు. లచ్చుమమ్మా లక్ష్మమ్మా ఒకే మనిషని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. కంప్యూటర్‌కే తెలీదు. పేర్లు కలవడం లేదని ఒకసారి ఆమె పింఛను మూడు నెలలు ఆగిపోయింది. నేను సెలవు పెట్టి వెళ్ళి ఒక ఆఫీసులో లైన్లో నిలబడ్డాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు స్క్రీన్ నా వైపు తిప్పి, "నేనేం చెయ్యలేను సార్, సిస్టం తీసుకుంటలేదు" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. ఎందుకంటే అంతకు రెండేళ్ళ ముందు, వేరే పని కోసం, అచ్చం అలాంటి ప్రోగ్రామే నేనూ రాశాను. రెండు పేర్ల మధ్య పోలిక ఫలానా అంకె కన్నా తక్కువుంటే ఆ వరసని పక్కన పెట్టేసే ప్రోగ్రాం. పక్కన పెట్టినవన్నీ వెళ్ళే ఫైల్‌కి 'రిజెక్ట్స్' అని పేరు పెట్టాను. అందులో ఎవరున్నారో ఎప్పుడూ తెరిచి చూడలేదు.

ఓర్నిత్ షాని రాసిన 'హౌ ఇండియా బికేమ్ డెమొక్రాటిక్' చదువుతున్నంతసేపూ నాకు ఆ ఫైలే గుర్తొచ్చింది. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయంలో పనిచేసే చరిత్రకారిణి ఆమె. పుస్తకం 2018లో వచ్చింది. మన దేశపు మొదటి ఓటర్ల జాబితా ఎలా తయారైందన్నదే దీని కథ. అంతే. యుద్ధాలు లేవు, ఉపన్యాసాలు లేవు, నెహ్రూ గాంధీలు కూడా పెద్దగా కనిపించరు. ఉన్నదల్లా సర్క్యులర్లు, ఉత్తరాలు, వాటికి జవాబులు. ఇంత పొడి సరుకుతో రాసిన పుస్తకం, మన ప్రజాస్వామ్యం గురించి నేను చదివినవాటిలో నన్ను ఎక్కువగా కుదిపిన పుస్తకం ఎందుకయిందో చెప్పాలనే ఈ వ్యాసం. దాంతో నాకున్న పేచీ గురించి కూడా.

*

స్కూల్లో మనం చదువుకున్న వరస ఏమిటి? 1947లో స్వాతంత్ర్యం, 1950లో రాజ్యాంగం, ఆ రాజ్యాంగం ఇచ్చిన ఓటు హక్కుతో 1951-52లో మొదటి ఎన్నికలు. చెట్టు, కాయ, పండు అన్నట్టు. షాని ఈ వరసని తిరగేస్తారు. ఓటర్ల జాబితా పని రాజ్యాంగం కన్నా ముందే మొదలైంది. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరకముందే, 1947 నవంబరులో, రాజ్యాంగ సభ సచివాలయం ఈ పని గురించి ఆలోచించడం మొదలుపెట్టింది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అధ్వర్యంలో పనిచేసిన చిన్న కార్యాలయం అది. 1948 మార్చిలో రాష్ట్రాలకి, సంస్థానాలకి సూచనలు వెళ్ళాయి. రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చేసరికి ముసాయిదా జాబితాలు దాదాపు సిద్ధంగా ఉన్నాయి. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ కుర్చీలో కూర్చునే సరికే పునాది పడిపోయింది. అంటే ఈ దేశంలో జనం చట్టప్రకారం పౌరులు కాకముందే ఓటర్లు అయిపోయారు. పుస్తకం మొత్తానికీ గుండెకాయ ఈ ఒక్క వాక్యం.

ఇది ఎంత పెద్ద గెంతో తెలియాలంటే ముందున్నదేమిటో చూడాలి. 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఓటున్నవాళ్ళు సుమారు మూడు కోట్ల మంది. ఆస్తి ఉండాలి, లేదా పన్ను కట్టాలి, లేదా చదువు ఉండాలి. ఆడవాళ్ళలో చాలామందికి భర్త ఆస్తిని బట్టి ఓటు. అందరికీ ఓటు అన్నది ఇక్కడ జరిగే పని కాదని తెల్లదొరలు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. జనానికి చదువు లేదు, దేశం పెద్దది, ఆడవాళ్ళు బయటికి రారు, పేర్లు చెప్పరు, ఇళ్ళకి నంబర్లు లేవు. పుస్తకంలో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, ఈ ఇబ్బందులేవీ 1947 ఆగస్టు 15 రాత్రి మాయమైపోలేదు. అదే చదువు లేని జనం, అవే నంబర్లు లేని ఇళ్ళు, చాలావరకు అదే గుమాస్తాలు, అవే రిజిస్టర్లు. మారింది ప్రశ్న ఒక్కటే. "వీళ్ళందరికీ ఓటు ఇవ్వడం కుదురుతుందా?" అనే ప్రశ్న పోయి, "ఇవ్వాలి, ఎలా?" అనే ప్రశ్న వచ్చింది. అది మారాక, అంతకుముందు 'అసాధ్యం' అన్న ప్రతిదీ 'కష్టమైన పని' అయి కూర్చుంది. 17 కోట్ల 30 లక్షల పేర్లు ఎక్కాయి.

మా పనిలో డిఫాల్ట్ అనే మాట ఉంది. వాడేవాడు ఏమీ చెయ్యకపోతే ఏం జరగాలి అన్నది. జనం సాధారణంగా ఏమీ చెయ్యరు కాబట్టి, డిఫాల్ట్ ఎవరు పెడితే వాళ్ళే నిర్ణయం తీసుకున్నట్టు లెక్క. 1935 చట్టంలో డిఫాల్ట్, నువ్వు జాబితాలో లేవు. అర్హత చూపించు, చేరుస్తాం. 1948 సూచనల్లో డిఫాల్ట్, నువ్వు ఉన్నావు. నీ గుమ్మం దగ్గరికి వచ్చి పేరు రాసుకుపోవడం మా పని.

*

దీనికి అసలు పరీక్ష శరణార్థుల దగ్గర వచ్చింది. రెండో అధ్యాయం అంతా ఇదే. పుస్తకం మొత్తం చదివే తీరిక లేనివాళ్ళు ఈ ఒక్కటైనా చదవాలి.

సచివాలయం పెట్టిన నిబంధన ప్రకారం 1949 జనవరి 1 నాటికి 21 ఏళ్ళు నిండాలి. 1948 మార్చి 31తో ముగిసే ఏడాదిలో కనీసం 180 రోజులు ఆ ఊళ్ళో ఉండాలి. చూడటానికి చాలా మామూలు నిబంధన. కానీ లాహోర్ నుంచో, ఢాకా నుంచో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళకి 180 రోజులు ఎక్కడివి? నిబంధనని ఉన్నదున్నట్టు అమలు చేస్తే లక్షలమంది పక్కకి పోతారు. వాళ్ళు ఊరుకోలేదు, ఉత్తరాలు రాశారు. శరణార్థుల సంఘాలు, పౌర సంఘాలు, మామూలు మనుషులు. అస్సాంలో అయితే ఈ 'బయటివాళ్ళని' చేర్చడం అక్కడి ప్రభుత్వానికి ఇష్టం లేదు. అక్కడి సంఘాలు ఇంకా పాసవ్వని ముసాయిదా రాజ్యాంగంలోని అధికరణాల నంబర్లు చూపిస్తూ వాదించాయి. ఊహించుకోండి. ఆ రాజ్యాంగం ఇంకా కాగితం మీది మాట. దాన్ని జనం అప్పుడే తమ సొంత ఆస్తిలాగా చేతిలో పట్టుకుని అధికారుల ముందుకి వెళ్తున్నారు.

సచివాలయం చేసిన పరిష్కారం వింటే నవ్వొస్తుంది, అంత సులువు. ఇక్కడే స్థిరపడాలనుకుంటున్నానని శరణార్థి ఒక ప్రకటన ఇస్తే చాలు, పేరు రాసుకోండి అని సూచించారు. మనిషి మాటే రుజువు. అందులో అబద్ధాలు చెప్పేవాళ్ళు ఉండరా అంటే ఉంటారు. ఆ నష్టం భరించడానికి సిద్ధపడ్డారు. ఒకడు దొంగతనంగా చేరిపోవడం కన్నా, ఒకడు అన్యాయంగా పోవడం పెద్ద తప్పని అనుకున్నారు. రెండు రకాల తప్పుల్లో ఏది ఒప్పుకుంటావు అన్నది ప్రతి జాబితా వెనకా ఉండే ప్రశ్న. మేం దాన్ని సాంకేతిక ప్రశ్న అనుకుంటాం. ఈ అధ్యాయం చదివాక అలా అనుకోవడం కష్టం.

*

ఈ వరస ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే పాల్కు జలసంధి దాటి చూడాలి. షాని పుస్తకం ఇండియా మీదే కాబట్టి ఈ పోలిక నాది.

సిలోన్‌లో వయోజన ఓటు హక్కు 1931లోనే వచ్చింది. మనకన్నా ఇరవై ఏళ్ళ ముందు, ఇంకా బ్రిటిష్ పాలన ఉండగానే. కొండ ప్రాంతాల తేయాకు తోటల్లో పనిచేసే భారత సంతతి తమిళులకి కూడా, నివాసం షరతులతోనైనా, ఓటు దక్కింది. 1947 ఎన్నికల్లో సిలోన్ ఇండియన్ కాంగ్రెస్ ఏడుగురిని పార్లమెంటుకి పంపింది. 1948 ఫిబ్రవరిలో స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది పౌరసత్వ చట్టం చేశారు. ఆ గడ్డ మీద పుడితే చాలదు, తండ్రి కూడా అక్కడే పుట్టి ఉండాలి, లేదా తాత ముత్తాతలు పుట్టి ఉండాలి, రుజువు చూపించాలి. తోటల్లో పుట్టిన కూలీల దగ్గర తండ్రి పుట్టుక కాగితం ఎక్కడ ఉంటుంది? 1949లో ఎన్నికల చట్టాన్ని సవరించి పౌరులకే ఓటు అన్నారు. లక్షలమంది ఓటర్లు ఒక్కసారిగా ఏ దేశానికీ చెందనివాళ్ళు అయిపోయారు. ఓటు తీసేస్తున్నాం అని ఎవరూ అనలేదు. పౌరుడెవరో నిర్వచిస్తున్నాం అన్నారంతే.

ఆ తర్వాత సంగతి ఇంకా ఘోరం. 1964లో సిరిమావో బండారనాయకే, లాల్ బహదూర్ శాస్త్రి కూర్చుని తొమ్మిది లక్షల డెబ్భై ఐదు వేలమందిని పంచుకున్నారు. ఇండియాకి 5,25,000, సిలోన్‌కి 3,00,000, మిగిలిన 1,50,000 సంగతి తర్వాత చూద్దాం అని. 1974లో ఆ మిగిలినవాళ్ళని కూడా చెరిసగం చేశారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు. వాళ్ళలో మిగిలిపోయినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చే చట్టం 2003లో గాని పూర్తిగా రాలేదు.

రెండూ బ్రిటిష్ వలసలే. రెండుచోట్లా ఒకే రకం చట్టాల చదువు, ఒకే రకం గుమాస్తాలు. తేడా వరసలో ఉంది. ఇక్కడ ముందు ఓటరు, తర్వాత పౌరుడు. అక్కడ ముందు పౌరుడెవరో తేల్చి, ఆ జల్లెడలోంచి ఓటరుని దించారు. స్వాతంత్ర్యం వస్తే ప్రజాస్వామ్యం వచ్చేసినట్టేనని అనుకోవడానికి లేదని సిలోన్ చెబుతుంది. వచ్చిన ఓటు కూడా చట్టబద్ధంగా, మెజారిటీ ఓట్లతోనే, వెనక్కి పోవచ్చు.

*

ఇప్పుడు పేచీ.

ఒక ఇంజనీరుకి ఈ పుస్తకం నచ్చడంలోనే ఒక ప్రమాదం ఉంది. ఇందులో హీరోలు ఆఫీసు మనుషులు. మంచి ఫారం తయారుచేసి, ఓపిగ్గా ఉత్తరాలకి జవాబులు రాసి, దేశాన్ని ప్రజాస్వామ్యం చేసేశారు. ఇది మాలాంటివాళ్ళకి వినసొంపైన కథ. కానీ ఆ "ఇవ్వాలి" అన్న నిర్ణయం సచివాలయంలో పుట్టలేదు. 1928లో సైమన్ కమిషన్ ముందు అంబేద్కర్ వయోజన ఓటు హక్కు అడిగారు. అదే ఏడాది నెహ్రూ రిపోర్టు అడిగింది, 1931లో కరాచీ కాంగ్రెస్ తీర్మానించింది. వాటి వెనక ఎన్ని ఊళ్ళలో ఎన్ని కొట్లాటలు! షానికి ఇవి తెలియవని కాదు. కానీ ఆమె చూసిన బీరువాల్లో ఉన్నవి కాగితాలు రాయగలిగినవాళ్ళ మాటలు. ఉత్తరం రాయాలంటే చదువు కావాలి, లేదా చదువున్నవాడితో పరిచయం కావాలి, సంఘం కావాలి. మిగతావాళ్ళు ఈ కథలో ఓటర్లుగా ఉన్నారు గాని, మాట్లాడేవాళ్ళుగా తక్కువ.

పార్థా ఛటర్జీ 'ది పాలిటిక్స్ ఆఫ్ ది గవర్న్డ్'లో చెప్పింది ఇక్కడ గుర్తుకొస్తుంది. మన లాంటి దేశాల్లో అత్యధికులు రాజ్యం ముందుకి హక్కులున్న పౌరులుగా వెళ్ళరు, ఏదో ఒక లబ్ధిదారుల గుంపుగా వెళ్తారు, బేరమాడుకుంటారు అన్నది ఆయన వాదన. శరణార్థుల ఉత్తరాలు చూస్తే, అడుక్కునే భాష కాదది, హక్కు భాష. కాబట్టి ఛటర్జీ గీసిన గీత అంత గట్టిది కాదని షాని పుస్తకం చూపిస్తుంది. కానీ ఉత్తరాలు రాయని చోట్ల ఏం జరిగింది?

నా ప్రశ్న తెలంగాణ గురించి. 180 రోజుల నిబంధన లెక్కేసే ఆ ఏడాదిలో, అంటే 1947-48లో, హైదరాబాద్ ఇండియాలో లేదు. ఊళ్ళలో రజాకార్లు, దొరల గడీలు, సంఘం దళాలు. 1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది, తర్వాత మిలిటరీ గవర్నరు పాలన. సాయుధ పోరాటం ఆగలేదు. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. దేశంలో మొదటి ఓటు పడింది కూడా అదే నెలలో, హిమాచల్ కొండల్లో. ఆ ఎన్నికల్లో పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడిన రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి మూడు లక్షల పైచిలుకు ఓట్లతో లోక్‌సభకి వెళ్ళారు. నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లని మా జిల్లాలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. అది రెండు సీట్ల నియోజకవర్గం, ఒక్కొక్కరికి రెండు ఓట్లు. అయినా ఆ అంకె చిన్నది కాదు. కొన్ని నెలల క్రితం దాకా సైన్యం క్యాంపులున్న ఊళ్ళలో జనం లైను కట్టి వేసిన ఓట్లవి. వాళ్ళని ఓటర్లుగా 'ఊహించింది' ఢిల్లీ సచివాలయమా, లేక ఆంధ్రమహాసభ నాటి నుంచీ దొరకి ఎదురు నిలబడి వాళ్ళే తమని తాము ఊహించుకున్నారా? ఈ రెండో కథకి పుస్తకంలో నేను కోరుకున్నంత చోటు లేదు.

ఇక్కడ మహమూద్ మమ్దానీ సాయం వస్తారు. 1996లో వచ్చిన 'సిటిజన్ అండ్ సబ్జెక్ట్' ఆఫ్రికా మీద రాసింది. వలస రాజ్యం రెండు ముక్కలుగా పాలించిందని ఆయన వాదన. పట్నంలో చట్టం, హక్కులు, పౌరులు. పల్లెలో 'ఆచారం' పేరుతో ఒక నాయకుడి పాలన. పన్ను అతనిదే, తీర్పు అతనిదే, కొట్టేదీ అతనే. అధికారాలన్నీ ఒకే చేతిలో బిగిసిన పిడికిలి. స్వాతంత్ర్యం వచ్చాక పట్నంలో తెల్లవాళ్ళ బదులు నల్లవాళ్ళు కుర్చీలెక్కారు గాని, చాలా దేశాల్లో పల్లెలోని ఆ పిడికిలిని ఎవరూ విప్పలేదు. రాజ్యం రంగు మారింది, తీరు మారలేదు. ఇది ఆయనకి పుస్తకాల్లోంచి వచ్చిన జ్ఞానం మాత్రమే కాదు. 1972లో ఇదీ అమీన్ ఉగాండా నుంచి ఆసియా వాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు వెళ్ళినవాళ్ళలో ఆయనా ఒకరు. తిరిగి వెళ్ళాక 1980లలో ఇంకోసారి పౌరసత్వం పోగొట్టుకున్నారు.

ఆ పుస్తకం చదువుతుంటే నాకు కనిపించింది ఆఫ్రికా నాయకుడు కాదు, మా దొర. పన్ను, తీర్పు, కొరడా, వెట్టి అన్నీ ఒకే గడీలో. మన భాషలోనే ఈ చీలిక ఉంది. 'పౌరుడు' అంటే పురంలో ఉండేవాడు, పట్నపువాడు. 'ప్రజ' అంటే ఒకప్పుడు సంతానం, రాజు కింద బతికేవాళ్ళు. మమ్దానీ రెండు మాటలూ మన నోట్లో ఎప్పటినుంచో ఉన్నాయి, మనం గమనించలేదు. ఆ 'ప్రజ'నే తీసుకుని 'ప్రజాస్వామ్యం' అని మాట చేసుకున్నాం. దొర కింద ప్రజగా ఉన్న మనిషి ఓటరు కావడానికి జాబితాలో పేరు ఉండాలి, నిజమే. కానీ ముందు పిడికిలి విడాలి. షాని జాబితా కథ చెప్పారు. పిడికిలి కథ మనమే చెప్పుకోవాలి.

*

ఇంకో సంగతి. 1951 నాటికి జాబితాలో ఎక్కిన ఆడవాళ్ళు సుమారు ఎనిమిది కోట్లు. అందులో దాదాపు 28 లక్షల మంది సొంత పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య, ఫలానావాడి కూతురు అని మాత్రమే రాయించారు. ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో. అలా రాయడం కుదరదు, ఎవరి పేరు వాళ్ళదే ఉండాలని ఎన్నికల కమిషన్ పట్టుబట్టింది. చివరికి ఆ 28 లక్షల పేర్లనీ కొట్టేశారు.

నేను ఈ విషయంలో ఎటూ తేల్చుకోలేకపోయాను. ఒకవైపు, భర్త ఆస్తిని బట్టి ఓటు ఇచ్చిన రాజ్యం పోయి, నీ పేరేంటమ్మా అని అడిగే రాజ్యం రావడం పెద్ద విషయం. భార్య అన్నది పేరు కాదని సర్కారు అనడం విప్లవమే. ఇంకోవైపు, పేరు చెప్పకపోవడం ఆమె తప్పా? పేరు చెప్పనివ్వని ఇంట్లో బతకడం ఆమె నేరమా? శరణార్థి మాటనే రుజువుగా తీసుకున్న వ్యవస్థకి ఇక్కడ అలాంటి ఉపాయం దొరకలేదు. నా రిజెక్ట్స్ ఫైల్ లాంటిదే ఇది కూడా. తేడా ఏమిటంటే, సుకుమార్ సేన్ తన నివేదికలో ఆ అంకెని దాచకుండా అచ్చేశారు. ఎంతమందిని వదిలేశామో లెక్కపెట్టి, అందరికీ చెప్పడం కూడా ఒక మర్యాదే.

*

ఇదంతా డెబ్భై ఏళ్ళ నాటి కథైతే ఇంత రాసేవాణ్ణి కాదు. వరస మళ్ళీ తిరగబడుతోంది కాబట్టి రాస్తున్నాను.

1955 పౌరసత్వ చట్టం ప్రకారం ఇక్కడ పుడితే చాలావరకు పౌరుడే. 1987 జూలై నుంచి పుట్టినవాళ్ళకి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు నుంచి పుట్టినవాళ్ళకి ఇంకా బిగించారు. ఒకరు పౌరులైతే, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. మెల్లగా, ఒక్కో సవరణతో, సిలోన్ ప్రశ్న వైపు నడిచాం: మీ నాన్న ఎక్కడ పుట్టాడు?

అస్సాంలో 2019 ఆగస్టు 31న వచ్చిన ఎన్ఆర్‌సీ తుది జాబితాలో 19 లక్షల పైచిలుకు మంది లేరు. అక్కడ పద్ధతి చూడండి. 1971 మార్చి 24 అర్ధరాత్రికి ముందు మీరో మీ పూర్వీకులో ఇక్కడున్నట్టు చూపాలి. దానికి రుజువుల్లో ముఖ్యమైనవి 1951 ఎన్ఆర్‌సీ, ఆనాటి ఓటర్ల జాబితాలు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి 'లెగసీ డేటా' అన్నారు. మా భాష! అందరినీ చేర్చుకోవడానికి తయారైన జాబితాలే అర్ధ శతాబ్దం తర్వాత బయటికి పంపే రుజువులయ్యాయి. వంశవృక్షం ఆ జాబితాలోని పేరుతో కలవాలి. ఇందులో మళ్ళీ ఎక్కువ చిక్కుపడింది ఎవరు? చిన్నప్పుడే పెళ్ళయి, బడికి పోక, పుట్టింటి ఊరు వదిలి, ఓటరు జాబితాలోకి మొదటిసారి ఫలానావాడి భార్యగానే ఎక్కిన ఆడవాళ్ళు. నేను నా తండ్రి కూతురినే అని రుజువు చెయ్యడానికి పంచాయతీ కాగితం చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అప్పుడు పేరు లేక పోయారు, ఇప్పుడు పేరుండీ కలవక చిక్కుపడ్డారు.

2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ. 2003 జాబితాలో పేరు లేనివాళ్ళు కాగితాలు చూపించాలన్నారు. 7 కోట్ల 89 లక్షల పేర్లున్న జాబితా ముసాయిదా వచ్చేసరికి 65 లక్షలు తగ్గింది, తుది జాబితాలో 7 కోట్ల 42 లక్షల దగ్గర ఆగింది. ఇందులో చనిపోయినవాళ్ళు, ఊరు మారినవాళ్ళు, రెండుచోట్ల ఉన్నవాళ్ళు ఉన్నారు. అది నిజమే. జాబితా శుభ్రంగా ఉండాలన్న మాటలో తప్పేం లేదు. డేటా ఎంత చెత్తగా ఉంటుందో నాకు తెలిసినంతగా చాలామందికి తెలీదు. ప్రశ్న అది కాదు. అనుమానం వస్తే ఎవరు ఎవరి గుమ్మం దగ్గరికి వెళ్ళాలి? 1948లో సర్కారు వెళ్ళింది, మనిషి మాట నమ్మింది. ఇప్పుడు ఉద్యోగి ఫారం పట్టుకుని గుమ్మం దాకా వస్తాడు, కానీ రుజువు వెతుక్కునే భారం మనిషిది. ముందు పౌరుడివని తేల్చు, తర్వాత ఓటరు సంగతి చూద్దాం.

అప్పుడు పేపరు మీద, కోట్లమంది చదువురానివాళ్ళున్న దేశంలో, అందరినీ చేర్చే జాబితా చెయ్యగలిగారు. ఇప్పుడు ప్రతి ఒక్కరి వేలిముద్ర, కనుపాప మన దగ్గరున్నాయి. చేరడం ఇంకా సులువు కావాలి కదా? కాలేదంటే తప్పు టెక్నాలజీది కాదు. షాని పుస్తకం చెప్పేది అదే. సాధనాలు ఎప్పుడూ సమస్య కాదు. ప్రశ్న ఎలా వేసుకున్నామన్నదే.

*

నాయనమ్మని ఒకసారి మొదటి ఎన్నికల గురించి అడిగాను. ఆమెకి అప్పటికి ఓటు వయసు రాలేదు. వాళ్ళత్త వేసిందట. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు, కాగితం తీసుకుపోయి అందులో వెయ్యాలి.

"పేరు రాసుకోను వచ్చిండ్రట బిడ్డా. అత్తకు చెప్పనీకి సిగ్గయిందట. ఆడోళ్ళ పేరు ఎవడడిగిండు గప్పటిదాన్క? దొర గూడ గాని పెండ్లామా అని పిలిచేటోడు."

"మరి చెప్పిందా?"

"చెప్పింది. రెండుసార్లు చెప్పిందట, సరిగ్గ రాసుకున్నరో లేదో అని."

సరిగ్గా రాసుకున్నారో లేదో నాకు తెలీదు. పింఛను మాత్రం మూడు నెలల తర్వాత వచ్చింది. ఎవరో పెద్ద ఆఫీసరు కాదు, ఆ కౌంటర్ కుర్రాడే చేశాడు. మూడోసారి వెళ్ళినప్పుడు నాయనమ్మని తీసుకెళ్ళాను. ఆమెని చూసి, పేరడిగి, ఆమె చెప్పింది విని, ఏదో ఒక దరఖాస్తు రాయించుకుని పైకి పంపాడు. ఆ దరఖాస్తులో రుజువు అన్న చోట ఏం రాశావని అడిగితే, "ఆమెనే వచ్చింది కదా సార్" అన్నాడు.

నేను రాసిన ప్రోగ్రాం ఇప్పుడు నా చేతిలో లేదు, ఆ కంపెనీ వదిలేశాను. కొత్తచోట రాసేవాటిలో మాత్రం, పక్కన పెట్టిన ప్రతి వరసనీ ఒక మనిషి చూసేదాకా అది కొట్టేసినట్టు కాదు అని ఒక షరతు పెడుతున్నాను. పని ఆలస్యమవుతోందని మా మేనేజరు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఈ పుస్తకం గురించి చెప్పాను. చదవలేదు గాని, షరతు తీసెయ్యమని కూడా అనలేదు.